కార్బన్ చక్రాలా, అల్లాయ్ చక్రాలా? నాలుగు నెలల్లో రెండో స్పోకు తెగింది

పొద్దున్నే_పెడల్
అందరికీ నమస్కారం. ఐదేళ్లుగా ఒకటే రోడ్డు సైకిల్ తొక్కుతున్నా. సైకిల్‌తో పాటు వచ్చిన చక్రాలే ఇప్పటికీ వాడుతున్నా. తూకం వేస్తే జత 1,900 గ్రాములు ఉంది. నా బరువు 75 కిలోలు. వారానికి 150 కిలోమీటర్ల దాకా తొక్కుతా, ఒంటరిగా వెళ్తే సగటు వేగం గంటకి 28 కి.మీ. ఆదివారం మాత్రం ఒక కొండ ఎక్కి దిగుతా, 300 మీటర్ల ఎత్తు ఉంటుంది.

నాలుగు నెలల్లో వెనక చక్రంలో రెండు స్పోకులు తెగాయి. మళ్లీ మళ్లీ వేయించుకునే కన్నా కొత్త జత తీసుకోవడమే మేలనిపించింది. రెండు చూసి పెట్టుకున్నా. ఒకటి రిమ్ము 50 మి.మీ. లోతున్న కార్బన్ (కార్బన్ పోగులతో చేసింది), 1,500 గ్రాములు. రెండోది 25 మి.మీ. అల్లాయ్ (అల్యూమినియం), 1,600 గ్రాములు. కార్బన్ కొనాలంటే చాలా నెలలు డబ్బు దాచుకోవాలి. దాచుకుంటా, అందుకు ఇబ్బంది లేదు. కానీ ఆ తేడా నా కాళ్లకి నిజంగా తెలుస్తుందా? వాడినవాళ్లు చెప్పండి.

ఎదురుగాలి
కార్బనే తీసుకో బ్రదర్. నేను మూడేళ్లుగా 50 మి.మీ. కార్బన్ మీద ఉన్నా. 35 దాటాక పెడల్ ఆపి చూడు, అల్లాయ్ చక్రం వెంటనే వేగం వదిలేస్తుంది, ఇది పట్టుకుని ఉంటుంది. గుంపులో ముందు లాగే వంతు వచ్చినప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. బలం సంగతి భయపడొద్దు. ఫ్రాన్స్‌లో జరిగే పారి–రూబే సైకిల్ రేసులో 2010లో రాళ్లు పరిచిన దారి మీద స్విస్ రేసర్ కాన్సెలారా గెలిచింది కార్బన్ చక్రాల మీదే.

ఊచలమేస్త్రి
తమ్ముడూ, చక్రాలు అల్లడం నా పని. కొనే ముందు మూడు సంగతులు చెప్పు. నీ సైకిల్‌కి బ్రేకు చక్రం మధ్యలోని పళ్లేన్ని పట్టే డిస్కా, రిమ్మునే పట్టే రిమ్ము బ్రేకా? టైర్లు ఏ రకం, ఎంత వెడల్పు? తెగిన స్పోకులు ఎటు పక్కవి, ఎక్కడ తెగాయి? ఇవి తెలియకుండా కార్బనో అల్లాయో చెప్పడం కష్టం.

పారి–రూబే గురించి ఒక మాట. ఆ రోజు వాళ్లు వేసుకున్నవి రిమ్ముకి గమ్ముతో అంటించే ట్యూబులర్ టైర్లు. టైరు నలిగినా, లోపల ట్యూబు దెబ్బ తిన్నా మార్చిచ్చే మనిషి వెనకాలే కారులో ఉంటాడు. రిమ్ము బలమైనదే, కాదనను. కానీ మనం ఒంటరిగా వెళ్లే దారితో దాన్ని పోల్చలేం.

పొద్దున్నే_పెడల్
మేస్త్రి గారూ, రిమ్ము బ్రేకే. టైర్లు 25 మి.మీ., పంచరు కాకుండా లోపల మందపాటి పొర ఉన్న రకం, అంచున ఇనుప తీగ ఉంటుంది. గాలి 110 పీఎస్ఐ కొడతా. రెండు స్పోకులూ వెనక చక్రంలో, చైను లేని పక్క, హబ్బు (చక్రం మధ్యలోని ఇరుసు భాగం) దగ్గర వంపులోనే తెగాయి. నేను కాస్త బరువున్న మనిషిని కాబట్టి తెగుతున్నాయని మెకానిక్ అన్నాడు.

ఊచలమేస్త్రి
నీ బరువుకి తెగలేదు తమ్ముడూ, వదులుగా ఉండి తెగాయి.

వెనక చక్రం మధ్యగా నిలబడాలంటే చైను పక్క స్పోకులు బాగా బిగుతుగా ఉండాలి, రెండో పక్కవి దానికి సగానికి కాస్త పైన ఉంటాయి. ఎందుకంటే గేర్ల గుత్తికి చోటివ్వడానికి హబ్బు అంచుని లోపలికి జరుపుతారు. మిషను మీద అల్లి పెట్టెలో పెట్టి పంపే చక్రాల్లో చైను పక్కే స్పోకు బిగువు 110 కిలోలు ఉండాల్సింది 80కి అటూ ఇటూ ఉండటం నేను చాలాసార్లు చూశా. అప్పుడు రెండో పక్క ఎంత ఉంటుందో ఊహించుకో.

చక్రం నేలని తాకే చోట ఉన్న స్పోకు ఒక్క క్షణం వదులవుతుంది, పైకి లేవగానే మళ్లీ బిగుస్తుంది. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు, కిలోమీటరుకి 476 చుట్లు. నీ లెక్కన వారానికి 71 వేల సార్లు వదులై బిగుసుకుంటోంది. ముందే వదులుగా ఉన్న స్పోకు ఆ దెబ్బకి పూర్తిగా జారి, హబ్బు రంధ్రంలో కదులుతుంది. ఇనుప తీగని అటూ ఇటూ వంచుతూ ఉంటే ఎక్కడ తెగుతుంది? వంపులోనే.

కాబట్టి కార్బన్ కొన్నా అల్లాయ్ కొన్నా, అల్లకం సరిగ్గా లేకపోతే ఏడాది తిరక్కుండా మళ్లీ ఇదే మాట రాస్తావు. ఎవరి దగ్గర కొన్నా ఒకటి అడుగు: స్పోకు బిగువు మీటరుతో కొలిచారా, రెండు పక్కలా అంకెలు రాసిస్తారా అని. ఇవ్వలేమన్న చోట కొనకు.

కొండదారి
రిమ్ము బ్రేకు అన్నావు కాబట్టి నా అనుభవం చెప్తా బ్రదర్. రెండేళ్లు కార్బన్ రిమ్ము బ్రేకు చక్రాలు వాడా. ఎండలో ఏ లోటూ లేదు. ఒక రోజు కొండ దిగుతుంటే వాన మొదలైంది. మలుపు ముందు బ్రేకు నొక్కితే ఏమీ జరగలేదు. అంటే కొంచెం కూడా తగ్గలేదు. రెండు చేతులతో పిండినా చక్రం చుట్టు మీద చుట్టు తిరుగుతూనే ఉంది, ఆ తర్వాత నీళ్లు తుడుచుకుపోయి ఒక్కసారిగా పట్టేసింది. వెనక చక్రం జారింది, ఎలాగో రోడ్డు అంచున మట్టిలోకి దించి ఆపగలిగా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అల్లాయ్ కూడా వానలో కాస్త ఆలస్యంగానే పడుతుంది, కానీ అంత ఆలస్యం నేనెప్పుడూ చూడలేదు.

ఇంకోటి వేడి. అల్లాయ్ రిమ్ము వేడిని చుట్టూ పంచేసి గాలికి వదిలేస్తుంది. కార్బన్‌కి ఆ గుణం తక్కువ, బ్రేకు రబ్బరు రాసుకున్న చోటే వేడి నిలిచిపోతుంది. కార్బన్ పోగుల్ని పట్టి ఉంచేది జిగురే, అది హద్దు దాటి వేడెక్కితే మెత్తబడుతుంది. లోపల టైరు గాలి బయటికి తోస్తూ ఉంటుంది కదా, రిమ్ము గోడ ఉబ్బిపోతుంది. నాది అలా కాలేదు, నాతో వచ్చే ఒకాయనది అయింది. వేలు పెట్టి తడిమితే ఒక చోట బొప్పి కట్టినట్టు తగిలింది.

ఎదురుగాలి
పెడల్ బ్రదర్, ముందే అడగాల్సింది, తప్పు నాదే. నాది డిస్కు. రిమ్ము బ్రేకుకి నేను కూడా కార్బన్ చెప్పను, నువ్వు కొండ దిగుతానంటున్నావు కాబట్టి అసలు చెప్పను.

అయినా కార్బన్‌కి న్యాయం చేయడానికి రెండు మాటలు. వేడి తట్టుకునే జిగుర్లు వచ్చాయి, బ్రేకు పట్టే చోట గరుకుగా గీతలు చెక్కిన రిమ్ములు వచ్చాయి, పాతవాటితో పోలిస్తే చాలా మెరుగు. కానీ 2018లో యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) రోడ్డు రేసుల్లో డిస్కుల్ని పూర్తిగా అనుమతించాక కంపెనీల శ్రద్ధంతా అటే పోయింది. రిమ్ము బ్రేకు కార్బన్‌లో కొత్తగా వచ్చేవి తక్కువ.

లెక్కల_సారు
అందరి మాటలూ చదివాను. అంకెలు వేసి చూద్దాం. పెడల్ గారి బరువు 75, సైకిల్ 10, మొత్తం 85 కిలోలు అనుకుందాం. కొండ మీద 200 వాట్లు పెడతారనుకుందాం.

ముందు బరువు. పాత చక్రాల నుంచి కార్బన్‌కి మారితే 400 గ్రాములు తగ్గుతుంది. 300 మీటర్లు ఎత్తు ఎక్కడంలో ఆ 400 గ్రాములకి పడే పని సుమారు 1,180 జౌళ్లు. 200 వాట్లతో భాగిస్తే 6 సెకన్లు. ఇరవై నిమిషాలకి పైగా పట్టే కొండ మీద 6 సెకన్లు. కొత్త రెండు జతల మధ్య తేడా 100 గ్రాములే కాబట్టి అది సెకనున్నర.

"తిరిగే బరువు రెండింతలు" అన్న మాట తరచూ వింటాం. నిజమే, కానీ వేగం పెంచేటప్పుడు మాత్రమే. 400 గ్రాములూ రిమ్ము అంచునే ఉన్నాయనుకుని సున్నా నుంచి 30కి తెచ్చే లెక్క వేయండి: 28 జౌళ్లు. అంటే సెకనులో ఏడో వంతు.

తర్వాత గాలి. ప్రకటనల్లో వాట్లు సాధారణంగా 45 వేగం మీద చెప్తారు. "15 వాట్లు ఆదా" అని ఉందనుకోండి. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. మీ 28 మీద ఆ 15 కాస్తా 3.6 వాట్లు అవుతుంది.

ఇప్పుడు టైర్లు చూడండి. మందపాటి పొర ఉన్న టైరుకీ, మంచి రేసు టైరుకీ దొర్లుడు నిరోధపు గుణకంలో (టైరు దొర్లుతూ ఎంత శక్తి తింటుందో చెప్పే అంకె) 0.003 తేడా ఉండటం మామూలే. 85 కిలోలకి, 28 వేగం మీద, అది 19 వాట్లు! చక్రాలు ఏవైనా సరే, ముందు ఆ టైర్లు మార్చండి.

ఎదురుగాలి
సారూ, గాలి లెక్కలో ఒక్క అభ్యంతరం. వాట్లు తగ్గుతాయి, ఒప్పుకుంటా. కానీ నెమ్మదిగా వెళ్లేవాడు రోడ్డు మీద ఎక్కువ సేపు ఉంటాడు కదా. వంద కిలోమీటర్లకి నిమిషాల్లో చూస్తే అతనికి తక్కువేం రాదు.

లెక్కల_సారు
సరిగ్గా పట్టారు. లెక్క వేశాను. 28 మీద 3.6 వాట్లు వేగాన్ని గంటకి 0.3 కి.మీ. పెంచుతాయి, వంద కిలోమీటర్లకి రెండు నిమిషాల పైన మిగులుతుంది. 45 మీద 15 వాట్లకి మిగిలేది ఒకటిన్నర నిమిషం. కాబట్టి "నెమ్మదిగా తొక్కేవాళ్లకి లోతు రిమ్ములు దండగ" అనడం తప్పు, నా ముందు లెక్క అలా ధ్వనించింది, అది వెనక్కి తీసుకుంటున్నాను. టైర్ల విషయంలో మాత్రం నా మాట మారదు, అదే లెక్కలో టైర్లు గంటకి కిలోమీటరున్నర ఇస్తున్నాయి.

నీలి_సైకిల్
నాకూ ఒక మాట చెప్పాలనిపించింది. నా బరువు 52 కిలోలు, డిస్కు సైకిల్, ముందు 50 వెనక 50 కార్బన్ వేసుకుని మొదలుపెట్టా. వంతెన మీదికి వచ్చేసరికి పక్క నుంచి గాలి కొడితే హ్యాండిల్ ఎవరో పట్టి గుంజినట్టు అయ్యేది. నిలకడగా వీచే గాలికి అలవాటు పడొచ్చు. లారీ దాటి వెళ్లగానే గాలి ఆగి మళ్లీ కొడుతుంది చూడండి, అదే ప్రమాదం. భుజాలు బిగబట్టుకుని తొక్కేదాన్ని, ఇంటికొచ్చేసరికి మెడ నొప్పి.

ముందు చక్రం 35కి మార్చా, వెనక 50 ఉంచేశా. వెనక చక్రానికి స్టీరింగ్‌తో పని లేదు కాబట్టి లోతున్నా ఫరవాలేదు. ఇప్పుడు హాయిగా ఉంది. బరువు తక్కువున్నవాళ్లు, ముఖ్యంగా అమ్మాయిలు, దుకాణంలో అందరికీ ఒకటే జత చూపిస్తారు, ఒప్పుకోకండి.

ఇంకో సంగతి వెడల్పు. రిమ్ము బయటి వెడల్పు టైరు వెడల్పు కన్నా కనీసం 5 శాతం ఎక్కువ ఉంటే గాలి టైరు నుంచి రిమ్ము మీదికి సాఫీగా జారుతుందని చక్రాల కంపెనీ జిప్‌లో పనిచేసిన జోష్ పోర్ట్‌నర్ చెప్పిన సూత్రం. 28 టైరుకి 29.4 మి.మీ. ఉండాలన్నమాట. సన్నటి రిమ్ము మీద ఉబ్బిన టైరు వేస్తే, లోతుకి పెట్టిన డబ్బులో చాలా భాగం వృథా. సారు లెక్కకి ఇది కూడా కలపండి.

ఊచలమేస్త్రి
బాగా చెప్పావమ్మా. ఆ ముందు–వెనక తేడా నేను కూడా చాలామందికి అల్లిచ్చా.

పెడల్ తమ్ముడూ, ఇప్పుడు నీతో పని. ఐదేళ్ల రిమ్ము బ్రేకు చక్రం అంటున్నావు. కార్బన్ పగులుతుందని అందరం భయపడతాం గానీ అల్లాయ్ రిమ్ము అరిగిపోతుందన్న సంగతి ఎవరూ చూసుకోరు. బ్రేకు రబ్బరు రోజూ దాన్ని గీకుతూనే ఉంటుంది. స్టీలు స్కేలు తీసుకుని దాని అంచుని బ్రేకు పట్టే చోట నిలువుగా ఆనించు. మధ్యలో వెలుతురు కనిపిస్తే గోడ లోపలికి అరిగినట్టు. చాలా రిమ్ముల మీద ఒక సన్నటి గాడి గానీ చిన్న గుంట గానీ ఉంటుంది, అది మాయమైతే రిమ్ము పనైపోయినట్టే. చూసి చెప్పు. చూసేదాకా కొండకి వెళ్లకు.

పొద్దున్నే_పెడల్
చూశా మేస్త్రి గారూ. చేతులు వణికాయి.

ముందు చక్రం ఫరవాలేదు. వెనక చక్రానికి స్కేలు ఆనిస్తే మధ్యలో పోస్టుకార్డు మూడు మడతలు దూరేంత సందు. చుట్టూ తిప్పుతూ గాడి కోసం వెతికా, ఒక్క చోట వాల్వు దగ్గర లీలగా గీత కనబడింది, మిగతా చుట్టంతా నున్నగా ఉంది. టైరు విప్పి బొటనవేలూ చూపుడువేలూ పెట్టి గోడ పట్టుకుని చూస్తే, మధ్యలో పలచగా, పై అంచున మందంగా, పళ్లెం అంచు పట్టుకున్నట్టు ఉంది. దీని మీద పోయిన ఆదివారం 60 వేగంతో దిగా. 110 పీఎస్ఐతో.

చక్రం తీసి పక్కన పెట్టేశా.

ఊచలమేస్త్రి
మంచి పని చేశావు. ఆ గోడ పగిలితే కొద్దికొద్దిగా పగలదు, రిబ్బను ఊడినట్టు పొడుగునా ఊడొస్తుంది, టైరు బయటికొచ్చి చక్రం అక్కడే బిగుసుకుంటుంది. హబ్బు బాగుంటే పారేయకు, దాని మీదే కొత్త రిమ్ము, కొత్త స్పోకులు వేయొచ్చు.

కొండదారి
ఈ చర్చ చదివి నేనూ ఇప్పుడే నా పాత చక్రాలు స్కేలు పెట్టి చూసుకున్నా. బాగానే ఉన్నాయి. మేస్త్రి గారికి దండం.

నీలి_సైకిల్
డిస్కు వాళ్లం నిశ్చింతగా ఉండొచ్చా మరి? గుంతల్లో పడితే కార్బన్ రిమ్ము పగిలిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఎదురుగాలి
పోయిన ఏడాది నాకు అయింది, చెప్తా. నీళ్లు నిండిన గుంత, లోతు తెలియలేదు. ఠప్‌మని చప్పుడు. దిగి చూస్తే పైకి ఏమీ లేదు, చక్రం తిన్నగా తిరుగుతోంది. ఇంటికొచ్చాక, పంచరు పూడటానికి ట్యూబ్‌లెస్ టైరులో పోసే ద్రవం రిమ్ము పక్క నుంచి చెమట పట్టినట్టు ఊరుతోంది. తుడిచి టార్చి లైటు అడ్డంగా వేస్తే అప్పుడు కనబడింది, వెంట్రుక వాసి గీత, గోరుతో గీకితే తగులుతోంది. నాణెంతో చుట్టూ కొడుతూ వెళ్లా. అన్ని చోట్లా టకటకమని మోగింది, ఆ జానెడు దూరం మాత్రం తడి కర్ర మీద కొట్టినట్టు మూగగా వినిపించింది. లోపల పొరలు విడిపోయాయన్నమాట. ఆ రిమ్ము మార్చేశా.

అదే గుంతలో అల్లాయ్ అయితే సొట్ట పడేది. చిన్న సొట్ట అయితే ప్లయరుతో మెల్లగా వంచి ఆ పూటకి ఇంటికి చేరొచ్చు, పైగా సొట్ట కంటికి కనిపిస్తుంది. కార్బన్ సొట్ట పడదు. అయితే నిలుస్తుంది, లేదా పగులుతుంది. నేను మళ్లీ కార్బనే వేసుకున్నా. కాకపోతే 28 నుంచి 30 టైరుకి మారా, గుంతలో పడ్డ ప్రతిసారీ నాణెం తీస్తా.

హుక్‌లెస్ రిమ్ములు వాడేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. టైరుని పట్టి ఉంచే కొక్కెం లేని రిమ్ముకి ఈటీఆర్‌టీఓ (టైర్లు, రిమ్ముల ప్రమాణాలు పెట్టే యూరప్ సంస్థ) పెట్టిన హద్దు 5 బార్లు, అంటే 72 పీఎస్ఐ చిల్లర. అది దాటకూడదు. ఆ రిమ్ముకి ఒప్పుతుందని కంపెనీ రాసిన ట్యూబ్‌లెస్ టైరే వేయాలి. పాత అలవాటున 110 కొట్టారో, టైరు ఎగిరిపోతుంది.

పొద్దున్నే_పెడల్
ఆరు వారాల తర్వాత వచ్చి రాస్తున్నా. అల్లాయ్ తీసుకున్నా. నా పాత హబ్బులు బాగున్నాయి, బేరింగులు మార్పించి, కొత్త రిమ్ములు, రెండు పక్కలా మధ్యలో సన్నబడే స్పోకులు వేయించి చేత్తో అల్లించా. చైను పక్క 115, రెండో పక్క 65, కాగితం మీద రాసిచ్చారు. తూకం 1,680 వచ్చింది. టైర్లు 28 మి.మీ. రేసు రకం, బ్రేకు కింద ముందు చూసుకున్నా, నాలుగు మిల్లీమీటర్ల చోటు ఉంది. గాలి 75 పీఎస్ఐకి దించా.

అదే దారి, అదే గుండె వేగం. సగటు 28 నుంచి 29 దాటింది. సారు చెప్పినట్టు ఇది టైర్ల పుణ్యమే అనుకుంటున్నా. కానీ మలుపులో నిలబడి తొక్కినప్పుడు వెనక చక్రం బ్రేకుకి రాసుకునే చప్పుడు పోయింది, అది మాత్రం అల్లకం వల్లే. ఎదురుగాలి అన్నా, డిస్కు సైకిల్ కొన్న రోజున 50 కార్బన్ వేసుకుంటా, మాట.

ఒకే సందేహం. పోయిన వారం నుంచి ముందు బ్రేకు వేస్తే గరగరమంటోంది. రిమ్ము మీద సన్నటి గీతలు పడుతున్నాయి. రిమ్ములో లోపమా?

ఊచలమేస్త్రి
రిమ్ములో లోపం లేదు తమ్ముడూ. పాత రబ్బర్లే వేశావా? విప్పి వెలుతురులో పెట్టి చూడు, నల్ల రబ్బరులో వెండి చుక్కల్లా మెరుస్తాయి. అవి రిమ్ము ముక్కలే, రబ్బరులో గుచ్చుకుని మళ్లీ రిమ్మునే గీకుతాయి. సూది మొనతో ఒక్కోటీ పెకిలించి, గరుకు కాగితంతో పైపొర రుద్దు. మరీ నిండిపోయి ఉంటే కొత్తవి వేసెయ్. రేపు కార్బన్‌కి మారినప్పుడు కూడా రిమ్ము బ్రేకే అయితే ఈ రబ్బర్లు దాని దగ్గరికి తీసుకెళ్లకు, ఆ అల్లాయ్ ముక్కలు ఒక్క రోజులో కార్బన్‌ని చెక్కేస్తాయి.

పొద్దున్నే_పెడల్
విప్పా. పదకొండు ముక్కలు వచ్చాయి, ఒకటి బియ్యపు నూకంత ఉంది. గరగర పోయింది.